గదిలో ఎంతమంది పడుకుంటారు?

"ఇద్దరు" అన్నాడు నాన్న.

ఏసీ బిగించే అతను అడిగింది వింత ప్రశ్నేమీ కాదు. కిటికీ ఏ వైపుకుంది, పైన డాబాయేనా లేక ఇంకో అంతస్తుందా, మధ్యాహ్నం ఎండ ఈ గోడ మీద ఎంతసేపు ఉంటుంది అని ఒక్కొక్కటే అడుగుతూ, జవాబులు పెన్నుతో ఎడమ అరచేతిలో రాసుకుంటూ, ఇనప టేపు గరగరమని వెనక్కి చుట్టుకుంటూ, తలైనా ఎత్తకుండా "గదిలో ఎంతమంది పడుకుంటారండీ?" అన్నాడు. అప్పటిదాకా అన్నిటికీ టకటకా జవాబు చెబుతున్నది కూతురే. దీనికీ "ఒక్కరే" అనడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా నాన్న చెప్పేశాడు, టీలో చక్కెర ఎంత అంటే చెప్పినంత తేలిగ్గా. ఏసీ అతను అది కూడా అరచేతిలో వేసుకుని, "పైకెళ్లి చూద్దాం సార్, బయటి మిషను ఎక్కడ కూర్చోబెట్టాలో" అంటూ డాబా మెట్లవైపు నడిచాడు. నాన్న అతని వెనకే వెళ్లాడు. వెళుతూ ఆమె వైపు చూడలేదు. నోరు జారినవాడైతే చూస్తాడు, నాలిక కరుచుకుంటాడు, ఏమీ లేకపోతే ఒకసారి దగ్గుతాడు. నాన్న అవేవీ చేయకుండా చెప్పులేసుకుని మెట్లెక్కిపోయాడు. పాత ఏసీ రిమోటు చేతిలో పట్టుకుని గుండీ ఆ గది మధ్యలో కొయ్యబారి నిలబడిపోయింది.

గుండీ అన్నది దర్జీ కూతురికి చిన్నప్పుడు తగులుకున్న ముద్దుపేరు. ముప్పై తొమ్మిదేళ్లొచ్చినా వదల్లేదు. కళ్లద్దాల షాపులో, చీకటి గదిలో జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఈ అద్దంతో బాగుందా ఆ అద్దంతో బాగుందా అని రోజంతా అడిగే ఉద్యోగంలో అందరూ ఆమెని మేడం అంటారు, కొంతమంది ముసలివాళ్లు డాక్టరుగారూ అని కూడా అంటారు, వద్దన్నా వినరు. ఇంటికొస్తే మాత్రం గుండీ. ఆ గుండీ మంచం వైపు నడిచింది. కూర్చుందామంటే మంచం మీద పాత ఏసీ మూత, దాని జాలీ, జాలీ నిండా బూజులాంటి దుమ్ము పరుచుకుని ఉన్నాయి. వాటిని కాస్త పక్కకి తోసి కూర్చుంది. ఇద్దరు. ఇద్దరంటే ఎవరు? నాన్న ఒకడు. రెండులో ఒకటి పోతే ఒకటి. ఆ మిగిలిన ఒకటి ఎవరు? తననే కలుపుకున్నాడా? తను పడుకునేది నడిమి గదిలో, సొంత ఫ్యాను కింద, ఆ సంగతి ఆయనకి తెలుసు, రోజూ తలుపు దగ్గరికొచ్చి "ఫ్యాను ఎక్కువైందేమో చూసుకో" అని చెప్పి వెళ్లే మనిషి. పోనీ అమ్మని కలుపుకున్నాడా, పాత అలవాటుకొద్దీ? అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఈ డబుల్ మంచం మీద ఆయన ఇప్పటికీ కుడి అంచునే పడుకుంటాడు, ఎడమవైపు దిండుకి ముడత కూడా పడదు. అమ్మ ఉందనుకుని ఇద్దరన్నాడేమో. మతిమరుపు మొదలైందేమో. ఆ మాట అనుకోగానే ఆమెకి గుండెలో కొంచెం తేలికైంది, మతిమరుపే అయితే డాక్టరున్నాడు, మందులున్నాయి, తనుంది. కన్నతండ్రికి మతి పోయిందేమోనని ఆశపడుతున్నానని మరుక్షణం తెలిసొచ్చి, ఛీ, ఇదేం పాడు బుద్ధి అనుకుంది.

మతి పోవడమా, ఆయనకా! ఎప్పుడో పాతికేళ్ల కిందట పెళ్లికి సూటు కుట్టించుకున్నవాడు మొన్న బజార్లో కనిపిస్తే, "ఎడమ భుజం కొంచెం దిగి ఉండాలే మీకు, ఇప్పుడూ అంతేనా?" అని అడిగాడు. ఆ మనిషి తన భుజాన్ని తనే తడుముకుని చూసుకున్నాడు. కొలత ఒకసారి ఆయన చెవిలో పడితే పడ్డట్టే. పైగా ఆయనకో పట్టింపుంది. ఇంట్లో ఎన్ని చిన్న చిన్న అబద్ధాలైనా ఆడతాడు, మోకాలు నొప్పి అంటాడు, ఆకలి లేదంటాడు, ఈ చొక్కా ఇంకా కొత్తదే అంటాడు, కానీ పనిచేసేవాడు కొలత అడిగితే మాత్రం నిజమే చెబుతాడు. కొలత ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి నిలబడే వాళ్లతో జీవితమంతా వేగిన మనిషి ఆయన. "వదలండి, గాలి వదలండి, చొక్కా తొడుక్కునేది మీరు, నేను కాదు" అని బతిమాలేవాడు. వాళ్లు వదిలేవాళ్లు కాదు. ఆయన వాళ్లు చూడకుండా టేపు ఇంకాస్త సడలించి కుట్టేవాడు. పనివాడికి అబద్ధం చెబితే పని మన మీదే పగ తీర్చుకుంటుంది అన్నది ఇంట్లో భోజనాల దగ్గర పప్పులా రోజూ వడ్డించిన మాట. అందుకే, ఏసీ అతను చేతిలో టేపు పట్టుకుని అడిగేసరికి, ఇంకెవరు ఎన్నిసార్లు అడిగినా బయటపెట్టని దాన్ని నాన్న ఇట్టే బయటపెట్టేశాడు. మతిమరుపు కాదు, పరాకు కాదు. ఈ గదిలో ఇద్దరు పడుకోబోతున్నారు. ఆ ముక్క అప్పుడు దిగింది ఆమెకి, పూర్తిగా. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. గది గోడలు, ఏసీ తీసేసిన చోట తెల్లగా మిగిలిన చతురస్రం, ఆ పక్కనే పైపు కన్నంలోంచి కనిపిస్తున్న రూపాయంత ఆకాశం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఆమె మాత్రం ఎక్కడో ఉంది.

పైగా దీన్ని ఇంటికి పిలిచింది తనే, కొరివితో తల గోక్కోవడమంటే ఇదే కదా. ఇతనికంటే ముందు చూడ్డానికొచ్చిన ఏసీవాడు గుమ్మంలోనే నిలబడి, లోపలికి అడుగైనా పెట్టకుండా, "రెండు టన్నులు పడేయండి మేడం, ఐసుగడ్డలో కూర్చున్నట్టుంటుంది" అన్నాడు. రెండోవాడు అన్నిటికీ సరే అనే రకం. నీళ్లు పోయే గొట్టం ఎటు పెడతావయ్యా అంటే "అది ఎటో ఒకటు పోతుందిలెండి" అన్నాడు. పాత ఏసీ నీళ్లు ఇన్నేళ్లూ ఎటో ఒకటు పోయి, కింది వాటా ఆవిడ ఆరేసిన బట్టల మీద పడి, ఆవిడతో మాటలు లేకుండా పోయాయి. అందుకని ఇద్దరినీ వద్దని, షాపులో కళ్లు చూపించుకోవడానికి వచ్చిన ఒకావిడ చెబితే ఇతన్ని పిలిపించింది. "మంచి పనివాడెవరో తెలుసుకోవడం చాలా తేలిక నాన్నా, అన్నీ అడిగేవాడే మంచి పనివాడు" అని నిన్న ఎంత గొప్పగా చెప్పిందో! నాన్న చిన్నగా తలూపి, "అన్నీ అడుగుతాడా?" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. తను వినలేదు. అన్నీ అడుగుతాడు నాన్నా, నువ్వేం కంగారుపడకు, నేనుంటాగా చెప్పడానికి అంది. ఇవాళ సగం రోజు సెలవు పెట్టి మరీ ఉంది.

తలమీద ధబ్ ధబ్ మని చప్పుడు. డాబా మీద ఏసీ అతను కాలితో తట్టి చూస్తున్నట్టున్నాడు. అతని అడుగులు బరువుగా, నాన్నవి చెప్పులీడుస్తూ, రెండు జతలూ ఇక్కణ్ణుంచి అక్కడికి, అక్కణ్ణుంచి ఇక్కడికి. కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుంది? దిగాక తను ఏమనాలి? ఏ మొహం పెట్టుకోవాలి? ఆ ఆలోచన వదిలించుకోవడానికన్నట్టు ఆమె మనసు పోలీసు కుక్కలా వీధిలో పడింది. ఎవరావిడ? కింది వాటా ఆవిడా? తడి బట్టల గొడవ తర్వాత ఆవిడ నాన్న ఎదురుపడితే గోడవైపు తిరిగి నడుస్తుంది, ఆ నడకలో ప్రేమ ఉందనుకోవాలంటే చాలా ఊహ కావాలి. పొద్దున పార్కులో నాన్నతో పాటు చేతులూపుకుంటూ నడిచే రిటైర్డు టీచరా? ఆవిడ ఎవరితోనైనా బ్లడ్ షుగరు గురించి తప్ప మాట్లాడదు. మందుల షాపు ఆవిడా? అయ్యో, ఆవిడకి మొగుడున్నాడు, వెనకాల కూర్చుని క్రికెట్ చూస్తుంటాడు. డెబ్బైకి దగ్గరపడిన తన తండ్రి కోసం ఊళ్లో ఆడవాళ్లనందర్నీ వరసగా నిలబెట్టి చూస్తున్నందుకు ఆమెకి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. రిమోటు వెనక మూతకి అమ్మ వేసిన టేపు అతుకు జిగట వదిలి బొటనవేలికి అంటుకుంటోంది. ఆ టేపునే గీకుతూ కూర్చుంది.

దీపం కింద చీకటి అంటారు. ఊళ్లో వాళ్ల కళ్లన్నీ పరీక్షించే మనిషి తన ఇంట్లో ఏం చూసిందని? అసలు కొత్త ఏసీ కావాలని అన్నదెవరు? ఏ వస్తువు పాడైనా "ఇంకో ఏడాది లాగుతుందిలే" అనే నాన్న. పోయిన నెల ఈ ఏసీ గుర్రుమని మూలిగి ఆగిపోతే, బాగు చేయిద్దామని తనంటే, వద్దు, కొత్తది వేయిద్దాం, మంచిది, చప్పుడు లేనిది అన్నాడు. మిగిలిన గుడ్డతో పిల్లలకి చొక్కాలు కుట్టినట్టు, నాకు ఏదో ఒకటి చాలులే అనే మనిషి, చప్పుడు లేనిది అన్నాడు. ముసలితనంలో నిద్ర పల్చబడుతుంది కదా పాపం అనుకుంది తను. మంచం మార్చి సింగిల్ మంచం వేయిద్దాం, గది విశాలమవుతుంది అంటే, "ఉండనీలే" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని. అమ్మ గుర్తొచ్చి ఉంటుందని తను జాలిపడి ఆ రాత్రి ఆయనకి పాలు కాచి ఇచ్చింది కూడా. ఇక ఏసీలమ్మే షాపులో అయితే, అమ్మేవాడు రెక్కలు తిప్పి లైట్లు వెలిగించి చూపిస్తుంటే, నాన్న అతన్ని అడిగింది ఒక్కటే. "గాలి మెడ మీద పడకుండా తిప్పుకోవచ్చా బాబూ? మెడ పట్టేస్తే తిరగడానికి కూడా ఉండదు." అంటూ కుడి చేయి మెడ వెనక్కి పోనిచ్చి, రెండు వేళ్లతో అక్కడ నొక్కి చూపించాడు.

నాన్నకి మెడ నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. ఆయనకున్నది మోకాళ్లు. అలా రెండు వేళ్లు మెడ వెనక పెట్టి నొక్కుకునేది వేరే మనిషి.

కాజాల అత్త.

రిమోటు చేతిలోంచి జారి మంచం మీద, ఏసీ జాలీ మీద పడింది. దుమ్ము లేచింది. దర్జీ షాపులో వెనకబల్ల మీద, కిటికీ పక్కన, తల వంచుకుని చొక్కాలకి కాజాలు కుట్టిన కాజాల అత్త, గుండీ పట్టే ఆ చిన్న చీలికల చుట్టూ సూదితో దారం వేసి వేసి మెడ అరిగిపోయిన కాజాల అత్త, గంటకోసారి తలెత్తి రెండు వేళ్లతో మెడ నొక్కుకుని "అమ్మయ్య" అని మళ్లీ వంగే కాజాల అత్త! చిన్నప్పుడు బడి నుంచి షాపుకి వస్తే తనని బల్ల మీద కూర్చోబెట్టి, డబ్బాలోని గుండీలన్నీ ఒళ్లో పోసి, "ఇన్ని గుండీల్లో ఈ గుండీయే బాగుంది" అని బుగ్గ గిల్లి ఆ పేరు పెట్టింది ఆవిడే. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు, షాపు వెనక సందులో ఒక గది. నాన్న షాపు మూసేసి ఇంట్లో కూర్చున్నాక ఆవిడ ఏం చేస్తోందో, ఎలా బతుకుతోందో గుండీ ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు. నాన్న పార్కు నుంచి వచ్చేసరికి ఎందుకు అంత ఆలస్యమవుతోందో కూడా అడగలేదు. ఆవిడెప్పుడూ ఇంటికొచ్చి గుమ్మంలోనే చాప మీద కూర్చునేది, ఈ గదిలోకి అడుగు పెట్టలేదు. అమ్మకి ఆవిడ మీద కోపమూ లేదు, ఇష్టమూ లేదు. ఆవిడ కాజాలు మరీ బిగువుగా కుడుతుందని, గుండీ దూర్చాలంటే గోరు ఊడొస్తుందని విసుక్కునేది, అంతే. ఇప్పుడావిడ ఆ ఎడమవైపు దిండు మీద తల పెట్టుకుంటుంది. గుండీ ఆ దిండు వైపు చూసింది. చూడలేక చూపు తిప్పుకుంది. ఆమెకి ఒళ్లు మండింది, దుఃఖమొచ్చింది, వెంటనే, సందు చూసుకుని, ఒక పిచ్చి ప్రశ్న కూడా వచ్చింది. ఇన్నేళ్లూ అత్తా అని పిలిచిన మనిషిని ఇప్పుడేమని పిలవాలి? అత్తంటే నాన్నకి చెల్లెలి వరస. ఆ వరసన ఇదెక్కడి పెళ్లి? పిన్నీ అనాలా? ముప్పై ఏళ్లు అత్తగా ఉన్నావిడ ఒక్క పూటలో పిన్ని అయిపోతే, పలకరింపుకి నాలిక తిరగొద్దూ? బంధువులకి ఈ వరసలు విప్పి చెప్పేసరికి తన తాతలు దిగిరావాలి.

పైన అడుగులు ఆగాయి. మాటలు వినిపిస్తున్నాయి, ఏమిటో తెలియదు. ఏసీ అతను గట్టిగా నవ్వాడు. నాన్న నవ్వలేదు.

కోపం ఎందుకొచ్చింది, అని ఆమె తనని తనే కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది. అమ్మ స్థానమనా? కాదు. అంటే, అది కూడా, కానీ అదొక్కటే కాదు. చెప్పలేదనా? అవును, అది ఎక్కువ. కానీ దాని అడుగున ఇంకొకటుంది, దాన్ని తాకితే అరచేతులు చల్లబడుతున్నాయి, ఇంత ఉక్కలో. పోయిన వారమే కళ్లద్దాల షాపు ఓనరు మళ్లీ అడిగాడు, పక్క ఊళ్లో కొత్త షాపు తెరుస్తున్నాం, నువ్వే చూసుకో, నీకంటే బాగా చూసుకునేవాళ్లు లేరు అని. "మా నాన్న ఒక్కరే ఉంటారండీ" అంది, మర్యాదగా, కొంచెం బాధగా, ఎప్పుడూ అనే గొంతుతోనే. అంతకు చాలా ముందు, షాపుకి లెన్సులు తెచ్చే అతను, మంచివాడు, మాట్లాడేటప్పుడు చెవులు ఎర్రబడేవి, అతను అడిగినప్పుడూ ఇదే మాట. నాన్న ఒక్కరే ఉంటారు. అతను కొన్నాళ్లు చూసి చూసి ఇంకెవరినో చేసుకున్నాడు. ఆ మాట ఎంత బాగా పనిచేసేదంటే, చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్లు చేతులు జోడించినంత పని చేసేవాళ్లు, ఎంత మంచి కూతురమ్మా అని. తను కూడా నమ్మింది. కొత్త ఊరంటే భయమని, కొత్త మనిషంటే భయమని, ఈ ఇంటి గుమ్మం దాటితే తనెవరో తనకి తెలియదని ఎన్నడూ అనుకోలేదు, అనుకోవాల్సిన అవసరం రాలేదు, నాన్న ఒక్కరే ఉంటారు కాబట్టి. ఇప్పుడు నాన్న ఒక్కరే ఉండరు. ఇద్దరుంటారు. ఒక్కరే ఉండబోయేది నడిమి గదిలో. భయం అదీ.

ఎవరు ఎవరికి కాపలా కాస్తున్నారు ఇన్నేళ్లుగా? తను షాపు నుంచి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. నాన్న ఒక్కరోజైనా ముందు తిని పడుకోలేదు. అన్నం వేడిగా ఉంచుతాడు, టీవీ చప్పుడు తగ్గించుకుని తలుపు గడియ చప్పుడు కోసం చూస్తుంటాడు. తనేమో ఆయనకి తోడుగా ఉండటానికి పరిగెత్తుకొస్తున్నాననుకునేది. పాత స్నేహితులు రైల్లో ఊళ్లు తిరగడానికి పోదామంటే టికెట్టు కొనుక్కున్నాడు ఒకసారి. "ఒక్కడివే ఎలా వెళ్తావ్ నాన్నా" అని తను కాస్త మొహం ముడుచుకుంది. మర్నాటికల్లా ఆయనకి మోకాలు నొప్పి వచ్చేసింది, టికెట్టు వెనక్కి పోయింది. ఎక్కణ్ణుంచో ఒక పిల్లిపిల్లని తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని మురిసిపోతుంటే తను ఒక్కసారి తుమ్మింది, నిజానికి జలుబు చేసి తుమ్మింది, సాయంత్రానికి పిల్లి లేదు, ఎవరికో ఇచ్చేశాడు, అడిగితే "దానికి ఇక్కడ నచ్చలేదు" అన్నాడు. అదీ ఆయన పద్ధతి. తన మొహం చూస్తాడు. మొహం బాగా లేకపోతే ఆయన చేతిలో ఏముంటే అది కింద పెట్టేస్తాడు, చప్పుడు కాకుండా, ఎప్పుడూ లేనట్టే. ఇందాక పైకి పోతూ చూడనిది అందుకే. చూస్తే కింద పెట్టేయాల్సి వస్తుందని. ఈసారి ఆయన చేతిలో ఉన్నది పిల్లిపిల్లా కాదు, రైలు టికెట్టూ కాదు, ఇక మళ్లీ దొరుకుతుందో దొరకదో. కాబట్టి మెట్లు దిగి ఆయన ఈ గదిలోకి వచ్చేసరికి తన మొహం బాగుండాలి. అంతే, వేరే ఏమీ చేయక్కర్లేదు, మొహం బాగుంటే చాలు. గుండీ లేచి బీరువా అద్దంలో చూసుకుంది. మొహం ఏమీ బాగా లేదు. కాటుక లేదు, పెదవులు ఎండిపోయాయి, కళ్లు ఎవరో కొట్టినట్టున్నాయి. నవ్వి చూసింది. అది ఇంకా ఘోరంగా ఉంది. చీర చెంగుతో గబగబా తుడుచుకుంది, దుమ్ము అంటుకున్న చేతులతో తుడుచుకుని చెంప మీద నల్లటి చార చేసుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

ముందు ఏసీ అతను వచ్చాడు, చెమటలు కక్కుతూ. "పైన చోటు బాగానే ఉందమ్మా. మిషనుకి నీడగా ఒక రేకు వేసుకుంటే చాలు. నీళ్ల గొట్టం వెనకవైపు దింపుతా, కింద ఎవరి బట్టల మీదా పడదు. ఇక టన్నుల సంగతి. ఈ గది సరిగ్గా అంచు మీద ఉంది. ఒక్కరే అయితే ఒక టన్నుతో సరిపెట్టొచ్చు. ఇద్దరన్నారు కాబట్టి, పైన డాబా కూడా కాబట్టి, ఒకటిన్నర వేస్తేనే సుఖం" అని అరచేయి చూసుకున్నాడు.

నాన్న గుమ్మంలో ఆగాడు. చెప్పులు విడిచాడు. అప్పుడు తలెత్తి ఆమె మొహం చూశాడు. చెంప మీద చార, ఎర్రబడిన కళ్లు, మూసి తెరవలేకపోతున్న పెదవులు, కొలత తీసినట్టు అంతా చూశాడు. ఒక్క క్షణం.

"ఒక్కరే అని వేసుకో బాబూ" అన్నాడు ఏసీ అతనితో, చాలా మామూలుగా. "ఇందాక ఏదో పరాకులో అన్నాను. ఒక్కణ్ణే పడుకునేది."

'ఇద్దరు' అన్నప్పుడు తగిలిన దెబ్బ ఒక దెబ్బా? ఇది కదా దెబ్బ. ఎంతమంది దబాయించినా టేపు మీద అంకె మార్చని మనిషి, పనివాడి ముందు నిలబడి, తప్పు కొలత ఇచ్చాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బడిలో నిలబడ్డ పిల్లవాడిలా, గోడ మీద ఆ తెల్ల చతురస్రాన్ని చూస్తూ అబద్ధం చెప్పాడు. తన మొహం కోసం.

"అలాగా సార్" అని ఏసీ అతను బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని అరచేతిలో రాసుకున్నదాన్ని రుద్దబోయాడు.

"తుడవకండి!"

ఆ అరుపు తనదేనని ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు. ఏసీ అతను బొటనవేలు గాల్లోనే ఆపేశాడు. నాన్న ఉలిక్కిపడ్డాడు. "తుడవకండి. ఇద్దరే. ఒకటిన్నర టన్ను వేయండి" అంది గుండీ. గొంతు వణుకుతోంది, వణకనీ అనుకుంది. "పనివాడికి అబద్ధం చెప్తావా నాన్నా? నువ్వు?"

నాన్న మంచం అంచున, ఏసీ మూత పక్కన, కూలబడ్డాడు. ఏసీ అతనికి ఈ ఇంట్లో ఏదో జరుగుతోందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. పాపం, గోడవైపు తిరిగి అనవసరంగా ఇంకోసారి టేపు సాగదీశాడు. సాగదీస్తూనే, "మంచం ఇలాగే ఉంటుందా, తిప్పుతారా? తలవైపు ఎటో ఇప్పుడే చెప్పాలి. గోడకి కన్నం పెట్టాక మళ్లీ మార్చలేం" అన్నాడు.

తలవైపు ఎటో చెప్పాల్సింది ఈ గదిలో ఉన్న ముగ్గురిలో ఎవరూ కాదు. గుండీ వంగి నాన్న చొక్కా జేబులోంచి ఫోను తీసింది. ఆయన ఆమె చేయి పట్టుకోబోయి, పట్టుకోకుండా వదిలేశాడు. "మెడ నొప్పి ఎవరికో నాకు తెలిసిపోయిందిలే" అని ఆయనకి మాత్రమే వినిపించేలా చెప్పింది. ఆఖరుసారి మాట్లాడిన నంబరే పైన ఉంది. నొక్కింది. ఒక్క రింగు కూడా పూర్తి కాలేదు.

"చెప్పేశారా?" అవతల కాజాల అత్త గొంతు, ఫోను పట్టుకునే కూర్చున్నట్టు, ఊపిరి బిగపట్టి. "పిల్ల ఏమంది? ఏడ్చిందా? చూడండీ, ఏడిస్తే మాత్రం వద్దు. వదిలేయండి. ఇన్నాళ్లూ ఉండలేదా ఏంటి మనం? దాన్ని మాత్రం ఏడిపించకండి."

గుండీ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. కళ్లలోంచి నీళ్లు చెంప మీది చార మీదుగా జారి నోట్లోకి వచ్చాయి. అవతల ఆవిడ "ఏమండీ, ఏమండీ" అంటోంది.

"అత్తా, నేను" అంది. "ఏడవట్లేదులే. గోడకి కన్నం పెట్టేముందు మంచం ఎటు వేయాలో నువ్వొచ్చి చెప్పాలంట. ఇప్పుడే రా. బయట ఎండగా ఉంది, గొడుగేసుకుని రా."